గంజి పెట్టిన హరికథ

కొత్తవాడ, వరంగల్
1979 జూన్ 14

లింగమూర్తికి మీ బావ సమ్మయ్య రాస్తున్నది,

ఈ ఉత్తరం రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. ఇన్‌లాండు కవరు కొని మూడు రోజులైంది. మొదటి రోజు పెన్నులో సిరా లేదు. రెండో రోజు సిరా ఉంది గానీ కోపం వచ్చింది. మూడో రోజు కోపం పోయింది గానీ అన్నం మాడింది. మాడిన అన్నం వాసనలో కూచుని మనిషి మంచి మాటలు రాయలేడు. ఇవాళ ఏ అడ్డమూ దొరకలేదు కనక రాస్తున్నాను.

మీ అక్క లచ్చవ్వ అక్కడికి వచ్చిందా అని నేను అడగను. సొంత తమ్ముడి ఇంటికి రాక ఎక్కడికి పోతుంది? సోమవారం పొద్దున ఆమె డోర్నకల్ ప్యాసింజరెక్కడం స్టేషన్ ముందర చాయ్ బండి వెంకటయ్య చూశాడు. "అవ్వ మొకం చూసి రైలే అయిదు నిమిషాలు ముందుగాల కదిలిందే" అన్నాడు నాతో.

సంగతి చాలా చిన్నది. పోయినేడు నువ్వు సికింద్రాబాద్ నుంచి తెచ్చి ఆమెకిచ్చిన హరికథ రికార్డు ఉంది కదా, సీతమ్మ అడవిలో కవలల్ని కన్న కథ. మన ఇంట్లో దాన్ని పాడించే మెషిన్ లేదు. అందుకని మీ అక్క ప్రతి శుక్రవారం దాన్ని తువ్వాలలో చుట్టుకొని చౌరస్తాలో రాజేశ్వర్ రావు రేడియో దుకాణానికి పోయి, బల్ల మీద కూచుని, రెండు వైపులా విని, కళ్లు తుడుచుకొని ఇంటికొచ్చేది. పోయిన శుక్రవారం రికార్డు కొంచెం పాడై ఉండటంతో సరిగ్గా పాడలేదు. కొంచెమే. దానికి ఆమె దుకాణం నిండా జనం ఉండగా లేచి నిలబడి అన్నదేమిటంటే:

"మన ఇంట్ల, మన గోడల నడుమ, సీతమ్మ కథ మొదటికెల్లి ఆఖరిదాక ఆగకుండ పాడాలె. పాడిన్నాడు నేనస్త. అప్పటిదాక ఈ అప్పడం నువ్వే కొరుక్కో."

అప్పడం అని ఎందుకన్నదో నాకు తెలియదు.

యంత్రాలతో మా వంశానికి మొదటి నుంచీ పొత్తు కుదరలేదు. మా నాయిన పెద్దులు నర్సంపేట అంగడిలో మొదటిసారి గ్రామఫోన్ చూసి, అందరూ మనిషి కోసం వెతుకుతుంటే ఈయన మాత్రం గొట్టం లోపల బల్లిని చూశాడు. ఆ బల్లే పాడిందని చచ్చేదాకా నమ్మాడు. ఇంట్లో బల్లి కనిపిస్తే కొట్టనిచ్చేవాడు కాదు, "విద్యున్న జీవిరా" అనేవాడు. ఆ రక్తమే నాది. నువ్వు రైల్వేలో సిగ్నళ్లు బాగుచేసేవాడివి, కరెంటు తెలిసినవాడివి. ఏ మెషిన్ కొనాలో రాయి. చవకది కావాలి. మరీ చవకది వద్దు.

ఇల్లు బాగానే ఉంది. నేను బాగానే ఉన్నాను. ఈ రెండు వాక్యాలూ ఆమెకు చదివి వినిపించు. మిగతాది వద్దు.

సమ్మయ్య


రైల్వే క్వార్టర్స్, డోర్నకల్
జూన్ 22

బావకు లింగమూర్తి నమస్తే.

అక్క ఇక్కడే ఉంది, క్షేమం. నీ ఉత్తరం నేనొక్కణ్ణే చదువుకున్నాను. నువ్వు చెప్పిన రెండు వాక్యాలు మాత్రమే ఆమెకు వినిపించాను.

రికార్డు కొంచెం పాడైంది అన్నావు, ఎట్లా పాడైందో రాయలేదు. సిగ్నల్ చెడిపోయిందని కబురొస్తే మేము మొదట అడిగేది, దాన్ని చివరగా ఎవరు ముట్టారు అని. అది తెలిస్తే సగం మరమ్మతు అయినట్టే. కాబట్టి నిజం రాయి.

"కొంచెమే" అన్న ముక్క దగ్గర ఇక్కడ ఎవరో పళ్లు పటపట కొరికారు. పిల్లి అయి ఉంటుంది.

లింగమూర్తి


కొత్తవాడ
జూన్ 30

లింగమూర్తీ,

మీ ఇంట్లో పిల్లి లేదని నాకు తెలుసు. అయినా రాస్తాను.

చివరగా ముట్టింది నేనే. ఆ రికార్డు పాడుతుంటే మధ్యమధ్య కరకరమని చప్పుడు వచ్చేది. సీతమ్మ ఏడుస్తుంటే పక్కన ఎవరో పల్లీలు నములుతున్నట్టు ఉండేది. మీ అక్క ఒకరోజు "గీ కరకర లేకపోతే ఎంత మంచిగుండు" అన్నది. నా మనసులో పడింది. పెండ్లాం అడగకముందే పని చేసి పెడదామని ముప్పై ఏళ్లలో నాకు రెండుసార్లు బుద్ధి పుట్టింది. మొదటిసారి ఆమె చీరకు రంగు మార్చాను. అది వేరే కథ, అందులో కూడా నా తప్పు సగమే.

వెలుతురుకు పెట్టి చూస్తే రికార్డు మీద సన్నని గీతలు, వందల గీతలు, పోగు పక్కన పోగులా. నాకు మగ్గం మీది పడుగులాగా కనిపించింది. నలభై ఏళ్లుగా పడుగుకు గంజి పెడుతున్నవాణ్ణి. పోగు లేచి గరగరలాడితే ఏం చేస్తాం? గంజి పెడతాం. గంజి పెడితే పోగు అణుగుతుంది, నునుపు తేలుతుంది, మగ్గం మీద నాడె ఇటు నుంచి అటు జారిపోతుంది. పోగుకు పనికొచ్చింది పాటకు ఎందుకు పనికిరాదు అనుకున్నాను. ఇది ఎవరికైనా వచ్చే ఆలోచనే.

పలచటి గంజి కాచి, వడగట్టి, కుంచెతో రెండు వైపులా పెట్టాను. పెట్టాక పడుగును ఏం చేస్తాం? ఎండలో ఆరబెడతాం. ఆరబెట్టాను. జూన్ ఎండ నీకు తెలిసిందే. సాయంత్రానికి తళతళ మెరుస్తోంది గానీ అంచులు పైకి లేచాయి. ఇప్పుడు నీకు అప్పడం సంగతి అర్థమై ఉంటుంది.

మీ అక్కకు చెప్పలేదు. ఆశ్చర్యపడుతుందని చెప్పలేదు. పడింది. రాజేశ్వర్ రావు సూది దించగానే అది దుక్కి దున్నినట్టు దున్నుకుంటూ పోయింది, రెండు పక్కలా తెల్లటి పొట్టు లేచింది. సీతమ్మ నోరు తెరిచి "కర్ర్" అన్నది. దుకాణంలో రేడియో కొనడానికి వచ్చిన ఒకాయన "ఇదేం రాగం?" అని అడిగాడు.

ఇదీ నిజం. మెషిన్ సంగతి రాయి.

సమ్మయ్య


డోర్నకల్
జులై 9

బావకు,

నీ ఉత్తరం అందిన పూట డ్యూటీ సరిగ్గా చేయలేకపోయాను. సిగ్నల్ దీపం అద్దం తుడుస్తూ నవ్వుతుంటే స్టేషన్ మాస్టర్ చూసి, ఒంట్లో బాగాలేదేమో దవాఖానకు పొమ్మన్నాడు.

బావా, అవి వందల గీతలు కావు. ఒక్కటే గాడి, అంచు నుంచి మధ్యదాకా చుట్లు చుట్లుగా పోతుంది. సూది ఆ గాడిలో రైలు లాగా నడుస్తుంది. నువ్వు పట్టాల నిండా గంజి పోశావు.

రికార్డు ఇంకా బతికే ఉండవచ్చు. చన్నీళ్లలో మెత్తటి నూలు గుడ్డ తడిపి, గాడి తిరిగినట్టే గుండ్రంగా తుడువు. గంజి దిగేదాకా నీళ్లు మారుస్తూ ఉండు. మధ్యలో ఉన్న కాగితం తడపకు. నీడలో ఆరబెట్టు. నీడ అంటే నీడే. తర్వాత రెండు అద్దాల మధ్య పెట్టి, పైన బరువు వేసి పదిహేను రోజులు వదిలెయ్యి.

మెషిన్ మాటకొస్తే, కీ తిప్పే పాత గ్రామఫోన్ జోలికి పోకు. దాని చేయి బరువు, దాని సూది మేకు. ఆ కాలపు లక్క రికార్డులకు అది సరే గానీ దీని మీద పెడితే ఒక్క పూటకు కథంతా చెక్కేస్తుంది. స్పీకర్లూ అవీ కలిసిన పెద్ద సెట్టు మన తాహతుకు మించింది. నీ దగ్గర వాల్వు రేడియో ఉంది కదా. దాని వెనక పక్కపక్కనే రెండు చిన్న బొక్కలుంటాయి. తిరిగే పళ్లెం, మోటారు, సూది చేయి మాత్రమే ఉన్న ఉత్త ప్లేయరు కొని, దాని వైరు ఆ బొక్కల్లో పెట్టావంటే పాట రేడియోలోంచి వస్తుంది. సగం మెషిన్ నీ ఇంట్లో ఎప్పుడో ఉన్నట్టు లెక్క. వాడినదైనా ఫరవాలేదు. పళ్లెం తిరిగేటప్పుడు అంచు ఎగరకూడదు. సూది మోపే బరువు నాలుగైదు గ్రాములు దాటకూడదు. సూది మాత్రం కొత్తది వేయించు, అక్కడ చవక చూసుకోకు. పళ్లెం మీద కాగితం ముక్క అంటించి గడియారం పెట్టి లెక్కపెట్టు, మూడు నిమిషాలకు సరిగ్గా నూరు చుట్లు తిరగాలి.

ఉత్తరాలు మొత్తం అక్కకు చదివి వినిపిస్తున్నానని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. పక్కనే ఉంది. చెప్పింది చెప్పినట్టు రాయమంటోంది:

"ఏమయ్యా, ఆ రామచంద్రుడన్న ఊరోళ్ల మాటిని పెండ్లాన్ని అడివికి తోలిండు. నువ్వు ఎవ్వల మాటిన్నవు? గంజి పెట్టేటప్పుడు నన్నడగొద్దా? నేను ఇంట్లనే ఉంటిగద, బియ్యం ఏరుకుంట! ఇగో, అగ్గువది కొను. అగ్గువని చెప్పి పీనుగను తేకు. నాకైతె ఏం తొందర లేదు. మా తమ్ముని పెండ్లాం మంచిగ వండుతది."

లింగమూర్తి


కొత్తవాడ
ఆగస్టు 20

లింగమూర్తికి,

మీ ఇంట్లో మంచిగా వండుతారని వినడం సంతోషం. ఇక్కడ కూడా మంచిగానే వండుతున్నాను. కుక్కలు కూడా మెచ్చుకుంటున్నాయి.

గంజి ఏడు నీళ్లకు గానీ వదలలేదు. నా చేతి గంజి అట్లాంటిది. అద్దాలు దొరక్క మా తాతదీ మా నాయినదీ ఫొటోలు విప్పి వాటి అద్దాలు తీసుకున్నాను. వాటి నడుమ రికార్డు పెట్టి పైన పన్నెండు జంపఖానాలు పేర్చాను. పదిహేను రోజులకు తీస్తే అప్పడం కాస్తా జొన్నరొట్టె అయింది. ఒక చోట కొంచెం ఉబ్బుంది, ఏ రొట్టెకు లేదు గనక.

ఇక మెషిన్. రాజేశ్వర్ రావు ముందుగా చూపించింది నువ్వు వద్దన్నదే. ఇత్తడి గొట్టం, మందార పువ్వంత అందంగా ఉంది. చేత్తో తడిమి, కళ్లు మూసుకొని, "మా బామ్మర్ది వద్దన్నడు సారూ" అన్నాను. మనిషి జీవితంలో బామ్మర్ది మాట వినడం కంటే కష్టమైనది లేదు, ఇది నువ్వు గుర్తుపెట్టుకోవాలి. తర్వాత ఎర్ర ప్లాస్టిక్ పెట్టె తెచ్చాడు. బ్యాటరీలతో నడుస్తుందట, మూతే స్పీకరట. చూడ్డానికి పౌడర్ డబ్బా. మన రికార్డు పెడితే పళ్లెం కనిపించలేదు, పిల్లవాడు తండ్రి గొడుగు పట్టుకున్నట్టు ఉంది. తిప్పితే అంచు ఎగిరింది. దాన్నీ కాదన్నాను.

అప్పుడు ఆయన లోపలి నుంచి పెద్ద మెషిన్ మోసుకొచ్చాడు. నడుమ ఒక కడ్డీ ఉంది.

"దీంట్ల పది రికార్డులు పేర్చి పండుకోవచ్చు సమ్మయ్యా. ఒకటైనంక ఒకటి అదే కిందపడ్తది."

"మాకున్నది ఒక్కటే సారూ."

"ఇంకో తొమ్మిది కొనుండ్రి!"

"ఒక్కదానికే ఇల్లు ఖాళీ అయింది. పదైతె ఊరే ఖాళీ అయితది."

ఆయన నవ్వి, అసలు సరుకు అప్పుడు తీశాడు. పెండ్లిళ్లకు మైకు సెట్టు పెట్టే నర్సంపేట ఆయన ఒకడు టేపురికార్డర్లకు మారిపోయి, పాత ప్లేయరు అమ్మిపెట్టమని ఇచ్చి పోయాడట. చెక్కపెట్టె. మూత మీద పసుపు చేతి గుర్తులు. వంచి దులిపితే మోటారులోంచి తలంబ్రాల బియ్యం రాలాయి, దోసెడు. ఇన్ని పెండ్లిళ్లు చేసిన మెషిన్ నా ఒక్క సంసారం నిలబెట్టదా అనిపించింది. రేటు కూడా నాకు అందేలాగే ఉంది.

అయినా నీ మాట ప్రకారం పరీక్ష పెట్టాను. సూది బరువు తూచడానికి మెషిన్‌ను రిక్షాలో కంసాలి సారయ్య దగ్గరికి తీసుకుపోయాను. నాలుగైదు గ్రాములంటే నలభై గురిగింజల ఎత్తు అని ఆయన లెక్క చెప్పాడు. బంగారం త్రాసులో ఒక పక్క సూది ఆనించి, ఇంకో పక్క గింజలు వేశాడు. అరవై తూగింది. చేయి వెనక ఉన్న స్ప్రింగు బిగించి బిగించి నలభైకి తెచ్చాం. "తులాల బంగారం తూచిన గని, పాటను తూచుడు గిదే మొదలు" అన్నాడు సారయ్య. "తరుగు తీస్తవా?" అని అడిగాను. కోపం వచ్చింది ఆయనకు.

రేడియో వెనక నువ్వు చెప్పిన రెండు బొక్కలు దొరికాయి. నిజం చెప్తున్నాను, అవి నాకు కొత్త కాదు. పదేళ్లుగా ప్రతి దసరాకు మగ్గంతో పాటు రేడియోకు కూడా బొట్టు పెట్టి, ఆ బొక్కల్లోనే ఊదుబత్తులు గుచ్చుతున్నాను. సరిగ్గా ఊదుబత్తి పట్టేంతే ఉన్నాయి, అందుకే పెట్టారనుకున్నాను. పదేళ్ల బూడిద సూదితో గీకి తీశాను. వైరు పెట్టాను.

మొదటిసారి సీతమ్మ బస్సు తప్పిపోతున్నట్టు మాట్లాడింది. లెక్కపెడితే మూడు నిమిషాలకు నూట ముప్పై ఐదు చుట్లు. పక్కన మీట ఉంటే జరిపాను. నూరు! సీతమ్మ నెమ్మదించింది. ఇంటి నిండా ఆ గొంతు. నేను స్తంభానికి ఆనుకొని కూచున్నాను, అయిదు నిమిషాలు రాజ్యం నాదే అనుకున్నాను.

అప్పుడు పక్కింటి గట్టయ్య మరమగ్గాలు మొదలుపెట్టాడు.

ఆరు మరమగ్గాలు, మా ఇద్దరికీ నడుమ ఒక్క గోడ. నేల అదురుతుంది, సూది ఎగురుతుంది. లక్ష్మణుడు సీతమ్మను అడవిలో దింపి రావడం, మళ్లీ రథమెక్కించడం, మళ్లీ దింపడం, ఎనిమిదిసార్లు. ఆయనకు కూడా విసుగొచ్చి ఉంటుంది. సూది చేయి మీద పావలా బిళ్ల పెట్టాను. గట్టయ్యను బతిమాలాను, ఒక్క గంట ఆపమని. "నీ పెండ్లాం అలిగితె నా మగ్గాలు బందువెట్టాల్నా? మంచిగున్నదే ముచ్చట!" అన్నాడు.

ఏం చేయను?

సమ్మయ్య


డోర్నకల్
ఆగస్టు 29

బావకు,

పావలా వెంటనే తీసెయ్యి. సారయ్య తగ్గించిన బరువు నువ్వు మళ్లీ ఎక్కించావు. గాడి అరిగిపోతుంది.

అదురు నేలలోంచి వస్తోంది. కాబట్టి పెట్టె నేలను తాకకూడదు, గోడనూ తాకకూడదు. ఏం చేస్తావో నీ తెలివి. ఈసారి ఆ తెలివిని నాకు ముందు రాసి, తర్వాత వాడు.

అక్క మాట:

"ఊదుబత్తులు నువ్వు గుచ్చుతాంటె నేనే ముట్టిచ్చేదాన్ని. గది ఎందుకు రాయలే? నా పాపం నాకు రాయి. కుక్కలకు ఏమేస్తానవు? పెసరపప్పు డబ్బా ఎనుక ఎల్లిపాయ కారం ఉన్నది, అది కలుపుకొని తిను. నేనేం ఫికర్ చేస్తలేను. ఉన్నదని చెప్తాన."

లింగమూర్తి


కొత్తవాడ
సెప్టెంబర్ 25

లింగమూర్తికి,

ముందు రాయమన్నావు గానీ ఆలోచన ఉత్తరం కంటే ముందు వచ్చింది. ఎల్లిపాయ కారం తిన్న పూటే వచ్చింది.

నేలను తాకనిది, గోడను తాకనిది ఏముంటుంది ఇంట్లో? తొట్టెల! పిల్లలను ఊపే తొట్టెల! బలమైన జంపఖానా ఒకటి చూసి నాలుగు మూలలకు తాళ్లు కట్టి దూలానికి వేలాడదీశాను. అందులో చెక్కపలక, పలక మీద ప్లేయరు. ఊగకుండా అడుగున ఒక రాయి కట్టాను. దుమ్ము పడకుండా పైన మీ అక్క పాత చీర ఒకటి కప్పాను. గట్టయ్య ఆరు మగ్గాలూ ఆడుతున్నా సూది కదల్లేదు లింగమూర్తీ! లక్ష్మణుడు ఒక్కసారే దింపి వెళ్లిపోయాడు. నాకు కళ్లనీళ్లు వచ్చాయి. ఆ ఘట్టానికి కాదు, సూదికి.

అయితే ఈమధ్య వాడకట్టు జనంలో ఏదో మార్పు వచ్చింది. ఎదురింటి చిలుకమ్మ, మనతో నాలుగేళ్లుగా మాటల్లేవు, మొన్న గిన్నెడు ఆవుపాలు తెచ్చి గడప మీద పెట్టింది. లోపలికి తొంగి చూసి, "ఎవ్వరూ లేరా సూసుకునెటందుకు? నువ్వొక్కనివేనా?" అంది. "ఒక్కణ్ణే, అలవాటైంది" అన్నాను. కొంగు నోటికడ్డం పెట్టుకొని పోయింది. పాలు బాగున్నాయి, తాగాను.

రెండో వైపు కవలలకు జోలపాట వస్తుంది కదా, ఆ కథ చెప్పే భాగవతారిణి పిల్లల ఏడుపు కూడా నోటితోనే అచ్చంగా పలికిస్తుంది, ఇద్దరిదీ వేరువేరుగా. అది వస్తుండగా కూరగాయలమ్మే మొగిలమ్మ కిటికీ దగ్గర ఆగింది. సూది అదరకుండా నేను తొట్టెల మీదికి వంగి, వేలు నోటి మీద పెట్టి "ష్" అన్నాను. ఆమె తలమీది గంప దించకుండానే కూచుంది, లేచింది, పరుగెత్తింది.

అన్నిటికంటే వింత గట్టయ్య. నిన్న తనే వచ్చి, గుమ్మం బయటే నిలబడి, "పగటీలి గంటసేపు మగ్గాలు బందువెడ్త తియ్యి సమ్మయ్యా. నువ్వడిగితె ఆపలె గని, పసిపానాలు ఏం జేసినయి" అన్నాడు. పసిప్రాణాలు ఎవరో అడిగేలోపు వెళ్లిపోయాడు. సంగీతం మనిషిని మారుస్తుందని విన్నాను, ఇంత తొందరగా అని తెలియదు.

రెండు వైపులూ ఒక్క ఊపులో ఇంకా పాడించలేదు. ఆమె లేకుండా పాడిస్తే సాక్ష్యం ఎవరు చెప్తారు? చిలుకమ్మ చెప్తే నమ్ముతుందా? ఎప్పుడు వస్తుందో అడిగి రాయి. తొందరేమీ లేదు. ఈ వారం అయినా ఫరవాలేదు.

సమ్మయ్య


తంతి
డోర్నకల్, అక్టోబర్ 3

లచ్చవ్వ ప్యాసింజర్‌లో బయలుదేరింది. కవలల వార్త బతుకమ్మ కాడ చేరింది. నేను నమ్మలేదు. నీ ఉత్తరం వినిపించినా ఆమె నమ్మింది. తొట్టెల వెంటనే విప్పు. లింగమూర్తి.


కొత్తవాడ
అక్టోబర్ 5

లింగమూర్తికి,

నీ తంతి అందింది. మీ అక్క వచ్చిన గంటకు అందింది. డోర్నకల్ నుంచి కరెంటు తీగ మీద వచ్చిన కబురు కంటే బొగ్గు రైలులో వచ్చిన మనిషి ముందు చేరిందంటే ఆమె ఏ ఊపులో ఉందో ఊహించుకో.

మధ్యాహ్నం రెండు దాటింది. నేను ప్లేయరు మీద దుమ్ము తుడుస్తున్నాను. గుమ్మంలో నీడ పడింది. చెప్పులు విడవలేదు. చంకలో సంచి దించలేదు.

"ఎవ్వతది?"

నాకు అర్థం కాలేదు. నర్సంపేట ఆయనది, సెకండ్ హ్యాండ్‌ది అన్నాను.

ఆమె మొహంలో రంగు మారింది. "నర్సంపేట దాన్ని తెచ్చినవా! అరవై ఏండ్ల ముసలోనివి! చిలుకమ్మ బిడ్డ డోర్నకల్ల బతుకమ్మ ఎత్తుకచ్చి అందరి ముందల చెప్తాంటె నేను మన్నుల కలిసిపోయిన. ఇద్దరట! నా చీరనే కప్పినవట!"

"చీర పాతదే లచ్చవ్వా."

"ఏడున్నరు?"

"ఎవరు?"

ఆమె నన్ను పక్కకు నెట్టి తొట్టెల దగ్గరికి పోయింది. చీర కొంగు పట్టుకొని ఆగింది. ఆ ఆగడం నేను మరిచిపోలేను లింగమూర్తీ. నిజంగా పిల్లలుంటే ఏం చేయాలో రైల్లో ఆలోచించుకొని రాలేదనుకుంటాను. తర్వాత చీర తీసింది.

చాలాసేపు చూసింది. చేత్తో పళ్లెం ముట్టుకుంది. సూది చేయి ముట్టుకుంది. తొట్టెల కింద కట్టిన రాయి చూసింది. అప్పుడు సంచి దించింది.

"గిదా?"

"గిదే."

"ఊరోళ్ల మాటినుకుంట వచ్చిన" అంది తనలో తనే. నా వైపు చూడకుండా, "పాడియ్యి" అంది.

సూది దించాను. ఆమె స్తంభానికి ఆనుకొని కూచుంది. గట్టయ్య ఆపుతానన్న గంట దాటిపోయింది, మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి, సూది చలించలేదు. మొదటి వైపు అయింది. గడియారం చూడకుండా తిరగేశాను. తిరగేయడం ఆపడం కిందికి వస్తుందా అని నాకు భయమేసింది. ఆమె కొంగు సర్దుకొని స్తంభానికి ఇంకా ఆనుకుంది. జోలపాట వచ్చింది, కవలలు ఏడ్చారు, పెరిగారు, బాణాలు పట్టారు. ఇక సీతమ్మ భూమిలోకి పోయే ఘట్టం మిగిలింది. భాగవతారిణి "తల్లీ" అని గొంతెత్తింది.

కరెంటు పోయింది.

రేడియో చచ్చిపోయింది. గోడ అవతల ఆరు మగ్గాలూ ఒక్కసారి ఆగాయి. పళ్లెం నెమ్మదిస్తోంది. నాలుగు నెలల కష్టం నా కళ్ల ముందే నిలబడిపోతోంది. నేను మెషిన్‌ను కాదు, ఆమె సంచిని చూస్తున్నాను.

మీ అక్క లేచింది. పళ్లెం ఆగకముందే దాని అంచు మీద వేలు పెట్టి తిప్పడం మొదలుపెట్టింది. పన్నెండేళ్ల వయసు నుంచి చరఖా తిప్పి కండెలు చుట్టిన చెయ్యి అది. ఎక్కువా లేదు, తక్కువా లేదు. కొత్తవాడ మొత్తంలో ఒక్క మగ్గం చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దంలో సూది దగ్గరే, చీమ మాట్లాడినంత సన్నగా, కథ వినిపిస్తోంది. రేడియో లేకపోయినా సూది తనంత తానే పాడుతుందని నాకు తెలియదు, నువ్వూ చెప్పలేదు.

"పెట్టె పట్టుకో, ఊగుతాంది" అంది.

రెండు చేతులతో పట్టుకున్నాను. ఇద్దరం తొట్టెల మీదికి వంగి, తలలు ఆనించుకొని, చెవులు దగ్గర పెట్టి వింటున్నాం. గుమ్మంలో చిలుకమ్మ ప్రత్యక్షమైంది. లచ్చవ్వను చూసి నిలువునా బిగుసుకుపోయింది. ఏదో ఒకటి అనాలి కనక, "పోలికలెవ్వరియి అక్కా?" అంది.

"మా తమ్మునియి" అంది మీ అక్క, చెయ్యి ఆపకుండా. "కరెంటు లేకుంటె పని చెయ్యడు."

ఇది ఆమె అన్నమాట, నేను కలిపింది కాదు.

సీతమ్మ భూమిలోకి పోయింది. మంగళం పాడారు. సూది మధ్యకు చేరి గీరుకుంది. మీ అక్క వేలు తీసింది.

"ఆగిందా?" అని అడిగాను.

"ఆగలే" అంది.

తర్వాత చెప్పులు విడిచి, సంచి విప్పి, నాలుగు చీరలు తీసి దండెం మీద వేసింది.

సమ్మయ్య